తూకం వేసే మిక్సీ: ఒక నమూనా యంత్రంపై విజయనగరం వంటింటి సమీక్ష

జార్‌లో వేసిన ప్రతి దినుసు బరువును అప్పటికప్పుడు చూపించి, ఆ లెక్కను తీగ లేకుండా ఫోన్‌కు పంపే మిక్సీ ఒకటి కొంతకాలంగా విజయనగరంలోని మా వంటింట్లో పనిచేస్తోంది. ఇది ఇంకా దుకాణాలకు రాలేదు. ఉత్తరాంధ్రకే చెందిన కొందరు యువ ఇంజనీర్లు దీన్ని రూపొందించి, అమ్మకానికి పెట్టే ముందు కొన్ని ఇళ్ళకు వాడకానికి ఇచ్చి, మంచిచెడ్డలు మొహమాటం లేకుండా రాయమని కోరారు. రూపకల్పన ఇంకా మారుతున్న వస్తువు కాబట్టి వారి పేరు, యంత్రం పేరు ఇక్కడ రాయను. నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. మా అత్తగారు నరసన్నపేట దగ్గరి పల్లెలో పుట్టి పెరిగి, సోలలతోనూ తవ్వలతోనూ కొలుచుకుంటూ జీవితమంతా వండిన మనిషి. ఆమె అనుభవం, నా లెక్కలు రెండూ కలిసి ఈ యంత్రాన్ని పరీక్షించాయి. నా నిర్ణయం ముందే చెబుతాను. మిక్సీలోనే కాటా ఉండాలన్న ఆలోచన చాలా మంచిది, దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే ఆ కాటాను అమర్చిన చోటు సరిగా లేదు, ఫోన్‌కు ఇచ్చిన పెత్తనం అవసరానికి మించి ఉంది.

ఇలాంటి యంత్రాలు విదేశాల్లో ఇదివరకే వచ్చాయి. జర్మనీకి చెందిన ఫోర్‌వెర్క్ సంస్థ తయారుచేసే థర్మోమిక్స్‌లో కాటా ఎప్పటినుంచో ఉంది. 2019లో వచ్చిన టీఎం6 నమూనాలో వైఫై కూడా లోపలే అమరింది. అమెరికాలో న్యూట్రిబుల్లెట్ సంస్థ 2017లో కాటా, బ్లూటూత్ రెండూ ఉన్న బ్యాలెన్స్ అనే బ్లెండర్‌ను తెచ్చింది. వైటామిక్స్ వారు కాటాను విడి పళ్ళెంగా చేసి, యంత్రానికి తోడుగా అమ్మారు. ఇవన్నీ ఆయా దేశాల వంటలను, ముఖ్యంగా పళ్ళరసాలను, సూపులను దృష్టిలో పెట్టుకుని చేసినవి. మన వంటింట్లో మిక్సీ మోసే భారం వేరు. ఎండుమిరపకాయలు, నానిన మినపపప్పు, పచ్చికొబ్బరి, వేయించిన నువ్వులు, అన్నీ ఒకే మోటారు ఒకే పూటలో నలగ్గొట్టాలి. 1960లలో సత్యప్రకాశ్ మాథుర్ సుమీత్ మిక్సీని రూపొందించవలసి వచ్చింది కూడా, విదేశీ యంత్రాలు మన రుబ్బుడికి తట్టుకోలేకపోవడం వల్లనే. ఆనాడు మోటారు విషయంలో తెలిసివచ్చిన సంగతిని ఈనాడు కాటా విషయంలోనూ గుర్తుపెట్టుకోవాలి.

మా దగ్గరున్న నమూనాలో 750 వాట్ల మోటారు, ఒకటిన్నర లీటర్ల జార్, లీటరు జార్, చట్నీ కోసం చిన్న జార్ ఉన్నాయి. ముందువైపు మామూలు మిక్సీల్లాగే తిప్పే మీట ఉంది. దాని పైన అంకెల తెర, పక్కనే బరువును సున్నా చేసే బటన్ ఉన్నాయి. ఖాళీ జార్ పెట్టి ఆ బటన్ నొక్కితే జార్ బరువు లెక్కలోంచి పోతుంది. ఒక దినుసు వేశాక మళ్ళీ నొక్కితే తరువాతి దినుసును విడిగా తూయవచ్చు. రుబ్బడంలో ఇది మూడు నాలుగు వేలకు దొరికే మంచి మిక్సీకి ఏమీ తీసిపోదు. ఎండుమిరప కారం మెత్తగా వస్తుంది, కొబ్బరి చట్నీ త్వరగా నలుగుతుంది, జార్ మూత అంచున రబ్బరు గట్టిగా పట్టి ఉంటుంది. ఆ సంగతిపై ఇంతకంటే రాయవలసింది లేదు.

బరువు ఎందుకు తూయాలన్న ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అన్న లెక్కతో తరతరాలుగా మన వంట నడిచింది, రుచిగానే నడిచింది. అయితే ఆ లెక్క సరిగ్గా పనిచేయాలంటే, దినుసు ఎప్పుడూ ఒకే రూపంలో రావాలి. తవ్వ నిండా పోసిన కళ్ళుప్పు, అదే తవ్వ నిండా పోసిన మెత్తని ఉప్పు ఒకే బరువు తూగవు. కళ్ళ మధ్య ఖాళీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి కళ్ళుప్పు తక్కువ తూగుతుంది. ఆవపిండిని ఇంట్లో మోటుగా దంచుకుంటే ఒక బరువు, మరలో మెత్తగా ఆడిస్తే మరొక బరువు. ఆవకాయ పెట్టేటప్పుడు కారం, ఆవపిండి, ఉప్పు గిన్నెతో సమంగా కొలిచే ఇళ్ళలో, ఒక ఏడాది ఊరగాయ కుదిరి మరుసటి ఏడాది ఉప్పు చాలక బూజు పట్టడానికి ఈ తేడా ఒక ముఖ్యమైన కారణం. ఊరగాయను నిలవ ఉంచేది ఉప్పు బరువే. గిన్నెలో అది ఎంత చోటు ఆక్రమించిందన్నది కాదు. ఈ మాట మా అత్తగారితో అన్నప్పుడు ఆమె రెండు రకాల ఉప్పునూ ఒకే గిద్దతో కొలిచి, జార్‌లో విడివిడిగా పోసి, తెర మీది అంకెలు చూసి, "అయితే ఈసారి ఉప్పు తూచే వేద్దామమ్మా" అన్నారు. ఈ యంత్రం మా ఇంట్లో సంపాదించుకున్న మొదటి నమ్మకం అదే.

విడిగా ఒక డిజిటల్ కాటా కొనుక్కుంటే సరిపోదా అని అడగవచ్చు. కొన్ని వందల రూపాయలకు దొరికే ఆ కాటా ఉప్పు, కారం తూయడానికి చక్కగా సరిపోతుంది. మిక్సీలో ఉన్న కాటా విలువ తెలిసేది రుబ్బుతూ రుబ్బుతూ నీళ్ళు కలిపే పనుల్లో. ఇడ్లీ పిండినే తీసుకుందాం. మినపపప్పు పాతదైతే ఒక తీరుగా, కొత్తదైతే మరో తీరుగా నీరు పీలుస్తుంది. నానబెట్టిన సమయాన్ని బట్టి, నీటిని బట్టి కూడా అది మారుతుంది. పొడి పప్పు బరువు ముందే తెలిస్తే, నానిన తరువాత జార్‌లో వేసినప్పుడు కనిపించే బరువులోంచి దాన్ని తీసివేయగానే పప్పు ఎంత నీరు తాగిందో తేలిపోతుంది. మిగిలిన నీటిని జార్ కదపకుండా, మూత తీసి కొద్దికొద్దిగా పోస్తూ, ప్రతిసారీ ఎంత పోశామో చూసుకుంటూ రుబ్బవచ్చు. పప్పు తాగినది, మనం పోసినది కలిపి మొత్తం నీరు ఇంత అని ఒకసారి తేల్చుకున్నాక, ఎండాకాలమైనా వానాకాలమైనా మా ఇంట్లో పిండి ఒకే జారుగా వచ్చింది. మిక్సీలో పిండి వేడెక్కకుండా చల్లని నీళ్ళు పోయడం మనకు అలవాటే. ఆ నీళ్ళు ఎన్ని అన్నది ఇప్పుడు చేతి అంచనాకు వదలనక్కరలేదు. విడి కాటాతో ఈ పని చేయాలంటే ప్రతిసారీ జార్‌ను ఊడదీసి కాటా మీద పెట్టి, మళ్ళీ బిగించాలి. ఎవరూ అంత ఓపిక పట్టరు.

ఇక ఈ నమూనాలో అసలు లోపం దగ్గరికి వస్తాను. కాటా కిలోల్లో చక్కగా పనిచేసి, గ్రాముల్లో తడబడుతోంది. ఉత్తరాంధ్ర వంటలో గ్రాముల తేడా తెలిసే చోటు ఆవ. ఆవపెట్టిన పనసపొట్టు కూరకైనా, అరటికాయ కూరకైనా ఇంటికి సరిపడా వండితే కావలసిన ఆవాలు ఐదు గ్రాములో, పది గ్రాములో ఉంటాయి. ఆవాల్లో ఉన్న సినిగ్రిన్ అనే పదార్థం, నీటితో కలిపి నూరినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైమ్ చర్య వల్ల ఘాటైన అల్లైల్ ఐసోథయోసయనేట్‌గా మారుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చుబడుతుంది కాబట్టే ఆవముద్దను పొయ్యి దించాక కలుపుతారు. ఆవ ఎక్కువైతే కూర చేదెక్కి ముక్కు అదురుతుంది, తక్కువైతే ఆవ పెట్టినట్టే ఉండదు. ఇంత సున్నితమైన చోట మూడు గ్రాముల పొరపాటు చూపే కాటా ఉన్నా లేనట్టే. కిరాణా దుకాణంలో వాడే, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న గుండ్లు తెచ్చి పరీక్షించాను. కిలో గుండు పెట్టినప్పుడు తేడా రెండు మూడు గ్రాములకు మించలేదు; పిండి విషయంలో అది లెక్కలోకి రాదు. పది గ్రాముల గుండు పెట్టినప్పుడు ఒకసారి ఎనిమిది, మరోసారి పదమూడు చూపించింది.

దీనికి కారణం రూపకల్పనలోనే ఉంది, అందుకే కాస్త వివరంగా చెప్పాలి. కాటాలో బరువును పసిగట్టే లోడ్‌సెల్ అనేది ఒక చిన్న లోహపు దిమ్మ. బరువు పడినప్పుడు అది కంటికి కనిపించనంత స్వల్పంగా వంగుతుంది. దానికి అతికించిన స్ట్రెయిన్ గేజ్ అనే పలుచని లోహపు అల్లిక దాంతోపాటు సాగుతుంది. సాగినప్పుడు దాని విద్యుత్ నిరోధం కొంచెం పెరుగుతుంది. ఆ పెరుగుదలను వీట్‌స్టన్ బ్రిడ్జ్ వలయం మిల్లీవోల్టుల తేడాగా మారుస్తుంది. ఇంటర్ విద్యార్థులకు నేను బోర్డు మీద గీసి చూపే వలయమే ఇది. ఈ యంత్రంలో నాలుగు కాళ్ళ కింద ఐదేసి కిలోలు మోసే నాలుగు లోడ్‌సెల్‌లు పెట్టారు, అంటే మొత్తం 20 కిలోల సామర్థ్యం. 5 వోల్టులిచ్చి నడిపితే పూర్తి బరువు దగ్గర వచ్చే సంకేతం సుమారు 10 మిల్లీవోల్టులు. దాన్ని 20,000 గ్రాములకు పంచితే ఒక గ్రాము వాటాకు అర మైక్రోవోల్టు వస్తుంది. ఇంత చిన్న సంకేతాన్ని చదవడానికి వాళ్ళు వాడిన హెచ్ఎక్స్711 చిప్ 24 బిట్లది, అంటే సంకేతాన్ని కోటికి పైగా మెట్లుగా విడదీసి చదవగలది అన్నది నిజమే కానీ, ఆ బిట్లన్నీ పనికొచ్చేవి కావు. చివరి బిట్లలో ఉండేది రొద, అంటే బరువుతో సంబంధం లేని ఒడిదుడుకులు మాత్రమే. పైగా చవక లోడ్‌సెల్ పొరపాటు సాధారణంగా పూర్తి సామర్థ్యంలో 0.05 శాతం దాకా ఉంటుంది. 20 కిలోల మీద అది 10 గ్రాములు. ఆవాల బరువు కూడా అంతే.

మరి 20 కిలోల సామర్థ్యం ఎందుకు కావలసి వచ్చింది? కాటా కాళ్ళ కింద ఉండడం వల్ల అది మోటారును, పెట్టెను, జార్‌ను, ఇవికాక రుబ్బేటప్పుడు మూత మీద మనం వేసే చేతి బరువును కూడా మోయాలి. తూయవలసిన దినుసు ఆ మొత్తంలో చిన్న భాగం. ఆ కాళ్ళ వల్లనే మరో రెండు ఇబ్బందులు వచ్చాయి. మన మిక్సీలకు కింద వాక్యూమ్ రబ్బరు కాళ్ళు ఉంటాయి. అవి గ్రానైట్ గట్టును పీల్చుకుని పట్టుకోబట్టే, ఎండుమిరపకాయలు నలిగేటప్పుడు యంత్రం జరగకుండా ఉంటుంది. కాటా మీద నిలబడిన యంత్రానికి అలాంటి కాళ్ళు పెడితే ఆ పీల్పు కూడా బరువుగా నమోదవుతుంది. అందుకని వీరు మామూలు రబ్బరు బిళ్ళలు అతికించారు. ఫలితంగా పసుపుకొమ్ముల వంటి గట్టి సరుకు వేసినప్పుడు యంత్రం గట్టు మీద మెల్లగా జరుగుతుంది, ఒక చేత్తో గట్టిగా పట్టుకోక తప్పదు. రెండోది, కరెంటు వైరు. ప్లగ్ వైపు వైరు బిగుసుకున్నా, గోడకు ఆనుకున్నా తెర మీది అంకె మారిపోతుంది. సున్నా చేశాక వైరును కదిపితే చాలు, నాలుగైదు గ్రాములు వచ్చి చేరతాయి.

దీనికి నాకు తోచిన మార్గం యంత్రం అడుగును రెండు అంతస్తులుగా విడదీయడం. కింది పళ్ళేనికి మామూలు వాక్యూమ్ కాళ్ళు ఉండాలి, కరెంటు వైరు ఆ పళ్ళెంలోకే వచ్చి ఆగాలి. మోటారు ఉన్న పై భాగం లోడ్‌సెల్‌ల మీద కూర్చోవాలి. రెండింటి మధ్య విద్యుత్తును మెత్తని సన్న తీగలు మోయాలి. రుబ్బడం మొదలుపెట్టేటప్పుడు మీటను తిప్పగానే పై భాగం కింది పళ్ళేనికి బిగుసుకునేలా ఒక గడియ ఉంటే, ఊపు, చేతి బరువు లోడ్‌సెల్ మీద పడవు. అప్పుడు ఇంత పెద్ద సామర్థ్యం గల సెల్‌లు అక్కరలేదు, గ్రాము వాటా సంకేతం పెరుగుతుంది. ఇంకా తేలికైన పద్ధతి కూడా ఉంది. చట్నీ జార్ ఒక్కటి పట్టేంత చిన్న కాటా పళ్ళేన్ని యంత్రం పక్కభాగంలో విడిగా, తక్కువ సామర్థ్యంతో అమర్చి, ఆవాలు, ఇంగువ, మెంతులు, ఉప్పు వంటి చిన్న తూకాలన్నీ దానికి అప్పగించవచ్చు. ఏ దారి పట్టినా, తెర మీద ఒక గ్రాము అంకె చూపిస్తే ఆ అంకె నిజమై ఉండాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధితో బాధపడే ఇళ్ళలో ఉప్పును లెక్కపెట్టి వాడవలసి ఉంటుంది. పెద్దలకు రోజుకు ఐదు గ్రాముల కంటే తక్కువ ఉప్పే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అలాంటి ఇంట్లోకి ఈ యంత్రం వెళితే, మూడు గ్రాముల తప్పును చిన్న విషయంగా చూడలేం.

మోటారు వేడి మరో సమస్య. రుబ్బిన వెంటనే జార్ ఖాళీ చేసి పెడితే తెర మీద సున్నా ఉండదు. కొన్ని గ్రాములు అటో ఇటో కనిపిస్తాయి, యంత్రం చల్లారేకొద్దీ ఆ అంకె జరుగుతూ ఉంటుంది. వేడికి లోహం, గేజ్ రెండూ మారడం సహజం. ప్రతి తూకానికి ముందు సున్నా చేసుకుంటే చాలావరకు సరిపోతుంది, కానీ ఆ సంగతి వాడేవారికి చెప్పాలి. ఇచ్చిన పుస్తకంలో దాని గురించి ఒక్క వాక్యం కూడా లేదు. మోటారు తిరుగుతున్నప్పుడు తెర మీద పాత బరువునే నిలిపి ఉంచడం మాత్రం తెలివైన పని. ఆ ఊపులో వచ్చే అంకెలకు అర్థం ఉండదు. సముద్రపు గాలి సంగతి కూడా ఆలోచించాలి. భీమిలి నుంచి సోంపేట దాకా తీరంలోని ఊళ్ళలో ఇనుపగజాలకు తుప్పు ఎంత త్వరగా పడుతుందో మనకు తెలుసు. లోడ్‌సెల్ అతుకుల మీద, సర్క్యూట్ బోర్డు మీద తేమ చేరని పూత ఉండాలి. మేము అడుగు విప్పి చూసినప్పుడు బోర్డు మీద అలాంటి పూత కనిపించలేదు.

ఇక్కడే ఒక చిన్న విషయం చెప్పడం అవసరం, దిగుమతి యంత్రం కొనేవారికి ఉపయోగపడుతుంది. లోడ్‌సెల్ నేరుగా కొలిచేది భూమి వస్తువును లాగే బలాన్ని. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన జిల్లాల్లో ఆ లాగుడు, జర్మనీ వంటి ఉత్తర దేశాల్లో కంటే కొంచెం తక్కువ. అక్కడ సరిచూసిన కాటాను ఏ సర్దుబాటూ లేకుండా తెచ్చి శ్రీకాకుళంలో వాడితే కిలోకు సుమారు రెండున్నర గ్రాములు తక్కువ చూపుతుంది. వంటకు అది పెద్ద తేడా కాదు, కానీ తెలిసిన గుండుతో ఇంట్లోనే సరిచూసుకునే వీలు ప్రతి తూకం మిక్సీలోనూ ఉండాలి. ఈ నమూనాలో ఆ వీలు యాప్ లోపల దాగి ఉంది, అది తయారీదారుల రహస్య సంకేతంతో మాత్రమే తెరుచుకుంటుంది. దాన్ని వాడేవారికి ఇచ్చేయడం మంచిది.

తీగలేని అనుసంధానం గురించి నా అభిప్రాయం కొంత మిశ్రమం. లోపలున్న ఈఎస్‌పీ32 చిప్ వైఫైనీ బ్లూటూత్‌నీ రెండింటినీ ఇస్తుంది, అది 2.4 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే పనిచేస్తుంది. ఇప్పటి ఇంటి రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటినీ ఒకే పేరుతో ప్రసారం చేస్తున్నాయి కాబట్టి, ఫోన్ ఒకదానిలోనూ మిక్సీ మరొకదానిలోనూ ఉండి మొదటిసారి జత కలవడానికి చాలా సతాయించాయి. చివరికి రౌటర్‌లో రెండింటినీ వేరు చేయవలసి వచ్చింది. ఈ పని అందరూ చేయగలిగింది కాదు. బ్లూటూత్ మాత్రం వెంటనే కలిసింది. 2010లో ఖరారైన బ్లూటూత్ 4.0 ప్రమాణంతో వచ్చిన తక్కువ విద్యుత్తు పద్ధతి ఇలాంటి చిన్న చిన్న అంకెలను దగ్గర్లోని ఫోన్‌కు పంపడానికే తగినది. బరువు అంటే కొన్ని బైట్ల సమాచారం. దానికి వైఫై అవసరం ఏమాత్రం లేదు. మైక్రోవేవ్ పొయ్యి కూడా దాదాపు అదే పౌనఃపున్యంలో, 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది కాబట్టి, అది నడుస్తున్నంతసేపు ఫోన్‌లో బరువు ఆలస్యంగా మారడం గమనించాను. స్టీలు జార్ యాంటెనాకు అడ్డం వచ్చే వైపు నిలబడినా అంతే. యాంటెనాను ముందువైపు తెర వెనుకకు జరిపితే ఈ రెండోది తీరుతుంది.

యాప్ ప్రవర్తన నాకు నచ్చలేదు. ఫోన్ నంబరు ఇచ్చి ఖాతా తెరవకపోతే అది బరువు కూడా చూపదు. ఇంటర్నెట్ లేకపోతే ముందు దాచుకున్న వంటకాలు కూడా తెరవదు. వైఫై కంటే బ్లూటూత్‌ను ముందు పెట్టి, అన్ని లెక్కలూ ఫోన్‌లోనే దాచి ఉంటే ఈ అవస్థ రాదు. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాన్లను చూసిన జిల్లాలు ఇవి. గాలివాన వచ్చినప్పుడు ఇంటర్నెట్ తీగలు తెగడం మనకు వింత కాదు. ఎక్కడో ఉన్న సర్వర్‌ను నమ్ముకున్న వంటింటి యంత్రానికి మరో అపాయం ఉంది. అమెరికాలో 2016లో వైఫైతో వచ్చిన జ్యూసెరో అనే రసం తీసే యంత్రాన్ని అమ్మిన సంస్థ 2017లోనే మూతబడింది. సంస్థ మూతబడినా కొన్నవారి గట్టు మీద యంత్రం పనిచేస్తూనే ఉండాలి. యాప్ లొకేషన్ అనుమతి కూడా అడుగుతోంది. ఆండ్రాయిడ్ 11 వరకు బ్లూటూత్ పరికరాలను వెతకడానికి ఆ అనుమతి తప్పనిసరి. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి వేరే అనుమతి ఏర్పాటైంది. కొత్త ఫోన్లలో మా ఇల్లు ఎక్కడుందో మిక్సీ తెలుసుకోవలసిన అవసరం లేదు. పనికి కావలసినంత సమాచారమే తీసుకోవాలన్న సూత్రం 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోనూ ఉంది.

అన్నిటికంటే ముఖ్యంగా, ఫోన్‌లో నొక్కి మోటారును తిప్పే వెసులుబాటును పూర్తిగా తీసివేయాలి. దీనిలో నేను రాజీపడను. జార్‌లో బ్లేడు ఉంది. మూత తీసి గరిటెతో అంచులు గీరుతున్న మనిషి ఒక గదిలో, ఫోన్ పట్టుకున్న పిల్లవాడు మరో గదిలో ఉండే ఇళ్ళు మనవి. మోటారు తిరగడానికి ఆజ్ఞ యంత్రం మీద ఉన్న మీట నుంచి మాత్రమే రావాలి. ఈ సంగతి చెప్పినప్పుడు ఇంజనీర్లు వెంటనే ఒప్పుకున్నారు. వేసవి సాయంత్రాలు ఓల్టేజి పడిపోయినప్పుడు కనిపించిన ఇంకో లోపం కూడా వారికి చెప్పాను. మీట తిప్పగానే మోటారు ఒక్కసారిగా లాగే కరెంటుకు తెర ఆరిపోయి మళ్ళీ వెలుగుతోంది, అప్పటిదాకా తూచినవన్నీ చెరిగిపోతున్నాయి. చివరి బరువును చిప్‌లోని శాశ్వత జ్ఞాపకంలో రాసిపెడితే ఇది పెద్ద కష్టం లేకుండా సర్దుకుంటుంది.

తీగలేని అనుసంధానం నిజంగా పనికొచ్చిన చోటును నేను శ్రీకాకుళంలో చూశాను. మా వదినగారు ఇంట్లో కారప్పొడి, నువ్వుపొడి, కరివేపాకు పొడి చేసి చుట్టుపక్కల వారికి అమ్ముతారు. యంత్రాన్ని కొన్ని వారాలు ఆమె దగ్గర ఉంచాము. ఆమె ప్రతి వాయికీ దినుసుల బరువులు ఫోన్‌లో వాటంతట అవే చేరేలా పెట్టుకున్నారు. ఇదివరకు బాగా కుదిరిన పొడి మళ్ళీ అలాగే ఎందుకు రాలేదో ఆమెకు అంతుచిక్కేది కాదు. ఇప్పుడు బాగా వచ్చిన వాయి లెక్క తెరిచి అదే వరుసలో వేస్తున్నారు. పాత లెక్కను రెట్టింపు చేయమంటే యాప్ అన్ని దినుసులనూ పెంచి చూపిస్తుంది, ఒక్కో దినుసు చాలినంత పడగానే ఫోన్ మోగుతుంది. చేతికి కారం అంటి ఉన్నప్పుడు తెర తాకకుండా వినపడే ఆ మోత చాలా సౌకర్యంగా ఉందని ఆమె చెప్పారు. అయితే యాప్‌లోని దినుసుల పట్టికలో ఓట్స్, చియా గింజలు ఉన్నాయి గాని ఆవపిండి, చోళ్ళు, గంటెలు, ఎండుకొబ్బరి లేవు. అన్నీ ఆమే రాసుకోవలసి వచ్చింది. అమ్మేవారు మరో మాట గుర్తుంచుకోవాలి. ఈ కాటా వంటింటి లెక్కకే పనికొస్తుంది. 2009 తూనికలు కొలతల చట్టం ప్రకారం అమ్మకానికి తూచే కాటాకు ప్రభుత్వ తనిఖీ, ముద్ర తప్పనిసరి. పొట్లాలు కట్టేటప్పుడు వదినగారు ముద్ర ఉన్న కాటానే వాడుతున్నారు.

మరమ్మతు గురించి కూడా ఇప్పుడే ఆలోచించాలి. విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల ఏ మిక్సీ మెకానిక్ దగ్గరికి వెళ్ళినా కార్బన్లు మార్చి, కప్లర్ వేసి, జార్ బుష్ బిగించి గంటలో ఇస్తారు. ఈ యంత్రాన్ని చూపిస్తే ఒక మెకానిక్ మోటారు వరకు భయం లేదన్నారు, కాటా బోర్డు జోలికి మాత్రం వెళ్ళనన్నారు. ఆయన అన్నది సబబే. కాటా బోర్డు విడిగా ఊడివచ్చేలా, నాలుగు స్క్రూలతో మార్చుకునేలా ఉండాలి; అంతకంటే ముఖ్యంగా, కాటా చెడిపోయినా మిక్సీ మామూలు మిక్సీలా తిరుగుతూ ఉండాలి. ఈ నమూనాలో లోడ్‌సెల్ తీగ ఒకటి ఊడినప్పుడు తెర మీద తప్పు సంకేతం వచ్చి మోటారు కూడా తిరగడం మానేసింది. పొద్దున్నే చట్నీ చేసుకోవలసిన ఇంటికి ఇది అక్కరలేని శిక్ష.

ధర ఎనిమిది, తొమ్మిది వేల మధ్య పెట్టాలని అనుకుంటున్నారు. మంచి మిక్సీకి, విడి కాటాకు కలిపి అయ్యే ఖర్చు కంటే ఇది దాదాపు రెట్టింపు. రోజూ ఇడ్లీ, దోసె పిండి మిక్సీలోనే రుబ్బుకునే ఇళ్ళకూ, మా వదినగారిలా పొడులు చేసి అమ్మేవారికీ, కాటా అమరికను మార్చి, యాప్ లేకుండా కూడా పూర్తిగా పనిచేసేలా చేస్తే ఆ ధర న్యాయమే అంటాను. అప్పుడప్పుడు ఒక చట్నీ, ఒక రసం పొడి చేసుకునే ఇంటికి మాత్రం ఇప్పుడున్న మిక్సీ పక్కన ఒక చిన్న కాటా చాలు. వైఫైని తీసివేసి బ్లూటూత్‌ను మాత్రమే ఉంచితే ఖర్చు, తలనొప్పి రెండూ తగ్గుతాయని ఇంజనీర్లకు రాశాను. అడుగు పళ్ళెం మార్చిన కొత్త నమూనాను ఆవకాయ రోజులకు ముందే పంపుతామని వారు చెప్పారు. అది వచ్చాక అవే గుండ్లతో, అవే పది గ్రాముల ఆవాలతో మళ్ళీ తూచి, ఫలితాన్ని ఇక్కడే రాస్తాను.